బోటు ఇంజన్‌కి బయోడీజిల్ కలపాలంటే: ముందు ట్యాంకు, తర్వాతే ఇంధనం

"బయోడీజిల్ కలిపితే ఇంజన్ పాడవుతుందా?" విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్లు, డ్రైవర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. మెరైన్ ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు అడిగేదీ దాదాపు ఇదే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

బయోడీజిల్ అంటే నూనెల నుంచి రసాయన చర్యతో తయారుచేసే, డీజిల్‌లాగే కాలే ఇంధనం. సూటిగా చెప్పాలంటే, నాణ్యమైన బయోడీజిల్‌ని 20 శాతం దాకా కలిపితే మంచి కండిషన్‌లో ఉన్న డీజిల్ ఇంజన్ మామూలుగానే నడుస్తుంది. ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, అడుగున చేరిన నీళ్లు. బయోడీజిల్‌కి పాత మడ్డిని కరిగించి ఊడదీసే గుణం ఉంది. ఊడిన మడ్డి ఫిల్టరుకి అడ్డం పడుతుంది, నడిసముద్రంలో ఇంజన్ ఆగుతుంది, నింద బయోడీజిల్ మీద పడుతుంది. కింది స్టెప్పుల్లో సగం ట్యాంకు గురించే ఉన్నాయంటే కారణం అదే.

ఎందుకు కలపాలి అనేవారికి క్లుప్తంగా: బయోడీజిల్‌లో గంధకం దాదాపు ఉండదు, అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మసి, నల్లపొగ తగ్గుతాయి. ఇంజన్ గది పొగలో రోజుల తరబడి పనిచేసే డ్రైవరుకి, పొగ గొట్టం పక్కనే నిద్రపోయే కలాసీలకి ఇది చిన్న విషయం కాదు. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం తగ్గవు, కొద్దిగా పెరగొచ్చు కూడా.

పేర్ల సంగతి

బి100 అంటే పూర్తి బయోడీజిల్. బి20 అంటే 100 లీటర్లలో 20 లీటర్లు బయోడీజిల్, 80 లీటర్లు డీజిల్. వంటనూనె బయోడీజిల్ కాదు. నూనెని మిథనాల్‌తో రసాయన చర్య జరిపి, గ్లిజరిన్ వేరు చేసి, శుభ్రం చేశాకే బయోడీజిల్ అవుతుంది. బజ్జీల బండి దగ్గర మిగిలిన నూనెని వడగట్టి ట్యాంకులో పోస్తే అది చిక్కగా ఉండి సరిగ్గా చిమ్మదు, సగం కాలి నాజిల్ కొనల దగ్గర, పిస్టన్ రింగుల్లో బొగ్గులా గట్టిపడుతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

కావలసినవి

- ఐఎస్ 15607 (బయోడీజిల్‌కి భారత ప్రమాణం) కి సరిపోతుందని టెస్ట్ రిపోర్టు ఉన్న బి100
- మీరు మామూలుగా పట్టే డీజిల్
- కనీసం మూడు సెట్ల ఫ్యూయల్ ఫిల్టర్లు, వాటర్ సెపరేటర్ (ఇంధనంలోంచి నీటిని వేరుచేసేది) ఎలిమెంట్లు
- వైటాన్ (బయోడీజిల్‌ని తట్టుకునే ఒక రకం రబ్బరు) ఓరింగులు, బయోడీజిల్‌కి పనికొచ్చే ఫ్యూయల్ హోసు
- డిప్ స్టిక్, నీటిని చూపించే పేస్టు
- మూత ఉన్న తెల్ల గాజు సీసాలు
- హైడ్రోమీటరు (సాంద్రత కొలిచేది), థర్మామీటరు
- కొలత గీతలున్న డబ్బా, లేదా ఫ్లో మీటరున్న పంపు
- నూనె గుడ్డలు వేయడానికి మూత ఉన్న ఇనుప డబ్బా
- ఒక నోటు పుస్తకం, పెన్ను

చివరిది లేకుండా మొదలుపెట్టకండి. లెక్క రాయకపోతే తేడా తెలియదు.

1. ఇంజన్ కంపెనీ ఏమంటుందో చూడండి

మాన్యువల్‌లో ఇంధనం గురించిన పేజీ తీయండి. చాలా ఇంజన్లకి బి7 దాకా అనుమతి ఉంటుంది, కొన్నిటికి బి20 దాకా ఉంటుంది. వారంటీలో ఉన్న ఇంజన్ అయితే డీలరు నోటి మాట చాలదు, కాగితం మీద రాయించుకోండి. పాత రకం మెకానికల్ పంపు ఇంజన్లు మిశ్రమాన్ని బాగానే తట్టుకుంటాయి. కామన్ రైల్ ఇంజన్ (చాలా ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చిమ్మే కొత్త రకం) అయితే కంపెనీ చెప్పిన శాతం ఒక్క చుక్క కూడా దాటొద్దు. అందులో ఇంజక్టర్లు (సిలిండర్లోకి ఇంధనం చిమ్మేవి) చాలా సన్నని కొలతలతో చేసినవి, బాగుచేయించాలంటే ఖర్చు ఎక్కువ.

సబ్సిడీ డీజిల్ తీసుకునే బోటు అయితే, మిశ్రమం వాడితే లెక్కలు ఎలా చూపాలో మత్స్యశాఖ ఆఫీసులో ముందే అడగండి.

2. ట్యాంకు కడగండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ట్యాంకు పనికి ఇంతకంటే మంచి అదను దొరకదు. రంగులు, వలలు, చెక్క పని అన్నీ చేయించి ట్యాంకుని మాత్రం వదిలేస్తుంటారు. ఈసారి మొదట దాన్నే తెరవండి.

డీజిల్ మొత్తం తోడేయండి. అడుగున ఉన్న డ్రెయిన్ విప్పి నీళ్లు, మడ్డి దింపండి. నల్లగా జిగురుగా, బంక తీగల్లా ఏమైనా వస్తే అది సూక్ష్మజీవుల పని. డీజిలూ నీళ్లూ కలిసే గీత దగ్గర అవి పెరుగుతాయి. అప్పుడు కడగడం ఒక్కటే సరిపోదు, డీజిల్‌లో సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడే బయోసైడ్ మందు కూడా వేయాలి. మందు మోతాదు డబ్బా మీద రాసినంతే.

గోడలు తుడిచాక చేత్తో తడిమి చూడండి. గ్రీజులా అంటుకుంటే పని ఇంకా మిగిలే ఉంది.

హెచ్చరిక: మనిషి దిగేంత పెద్ద ట్యాంకు అయితే, గాలి బాగా ఆడించకుండా, బయట ఒక మనిషిని కాపలా పెట్టకుండా ఎవరినీ దింపకండి. లోపల ఎవరైనా స్పృహ తప్పితే కంగారులో వెనకే దూకకండి. అలా దూకినవాళ్లే రెండో శవం అవుతారు. ఆవిరి పూర్తిగా పోయిందని నిర్ధారించకుండా ట్యాంకుకి వెల్డింగ్ చేయించడం కూడా అంతే ప్రమాదం.

కడిగిన మడ్డిని హార్బర్ నీళ్లలో వదలొద్దు. డ్రమ్ములో పట్టి, వాడిన ఆయిలు తీసుకునే అనుమతి ఉన్నవారికి ఇవ్వండి.

ట్యాంకు కడిగే వీలు ఏమాత్రం లేకపోతే? బి5 దగ్గరే ఆగండి. ఫిల్టర్లు రెట్టింపు పెట్టుకోండి. బి20 జోలికి వెళ్లకండి.

3. రబ్బరు, లోహం చూడండి

మామూలు నైట్రైల్ రబ్బరు, సహజ రబ్బరు బయోడీజిల్‌లో నాని ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరికి కారతాయి. ఫీడ్ పంపు, ఫిల్టరు హౌసింగు, రిటర్న్ లైను దగ్గర ఉన్న ఓరింగులు, హోసులు వరసగా చూసి వైటాన్ వేయించండి. హోసు కొనేటప్పుడు "డీజిల్ పైపు" అని మాత్రమే అడిగితే చేతికందింది ఇస్తారు. బయోడీజిల్‌కి అని విడిగా చెప్పండి.

రాగి, ఇత్తడి, కంచు, జింకు, సీసం బయోడీజిల్ త్వరగా పాడయ్యేలా చేస్తాయి. జింకు పూత ఉన్న ట్యాంకు పనికిరాదు. మామూలు ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పర్వాలేదు. చిన్న ఇత్తడి కాక్ (కుళాయి) ఒకటి ఉంటే కొంప మునగదు గాని, పొడుగు రాగి పైపులు ఉంటే మార్చడమే మంచిది.

4. సరుకు కొనేటప్పుడు

కాకినాడలో పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీయే ఉంది, కాబట్టి మన వైపు ఇది అందని సరుకేమీ కాదు. అయితే బయోడీజిల్ పేరు పెట్టి ఏవేవో పారిశ్రామిక నూనెలు, బేస్ ఆయిళ్లు అమ్మే వ్యాపారం దేశంలో చాలా చోట్ల పట్టుబడింది. ధర మరీ తక్కువ చెప్పారంటే అనుమానించండి. రిపోర్టు చూపించలేని డ్రమ్ము బోటు ఎక్కనివ్వకండి.

రిపోర్టులో ఇవి చూడండి:

- నీరు: కిలోకి 500 మిల్లీగ్రాములు మించకూడదు
- ఆమ్ల విలువ: 0.50 మించకూడదు
- మొత్తం గ్లిజరాల్ (గ్లిజరిన్): 0.25 శాతం మించకూడదు
- ఎస్టర్ (బయోడీజిల్‌గా మారిన భాగం) శాతం: 96.5 కి తగ్గకూడదు
- 15 డిగ్రీల దగ్గర సాంద్రత: ఘనపు మీటరుకి 860 నుంచి 900 కిలోల మధ్య
- ఫ్లాష్ పాయింట్ (ఇంధనం ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస వేడి): 100 డిగ్రీలు దాటాలి

ఫ్లాష్ పాయింట్ తక్కువ ఉంటే లోపల మిథనాల్ మిగిలి ఉండొచ్చు, అది ఇంజన్‌కీ మనిషికీ చేటు. రిపోర్టు మీద తేదీ, బ్యాచ్ నంబరు మీ డ్రమ్ము మీద ఉన్నవాటితో కలవాలి. ఇది చాలామంది చూడరు. నిరుటి బ్యాచ్ రిపోర్టుకి జిరాక్సు తీసి ఈ ఏడు డ్రమ్ముకి జత చేసినా మీకు తెలియదు.

ల్యాబ్ సౌకర్యం ఉన్నవాళ్లకి ఇంకో తేలిక పరీక్ష ఉంది. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బి100 పోసి కలిపి కదపకుండా ఉంచాలి. పూర్తిగా కరిగి తేటగా ఉంటే నూనె బాగా మారినట్టు. అడుగున నూనె చుక్కలు నిలిస్తే మారని నూనె మిగిలినట్టు. ఇది 20 డిగ్రీలకి దగ్గరగా చేయాలి. మన ఎండలో చేస్తే పాడు సరుకు కూడా పాసయిపోతుంది. మిథనాల్ విషం, పైగా దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు. బోటు మీద గాని ఇంట్లో గాని ఈ పరీక్ష వద్దు.

5. ముందు సీసాలో కలిపి చూడండి

800 మి.లీ. డీజిల్, 200 మి.లీ. బి100 గాజు సీసాలో కలిపి మూత పెట్టి ఒక రోజు నీడలో ఉంచండి. మర్నాడు వెలుగుకి ఎత్తి చూడండి. సీసా వెనక పెట్టిన దినపత్రిక అక్షరాలు స్పష్టంగా కనపడాలి. మసకగా ఉంటే నీరు ఉన్నట్టు. అడుగున పొర, తెట్టు, తీగలు ఉంటే ఆ సరుకు వెనక్కి పంపండి. ట్యాంకులో పోశాక పంపలేరు.

6. కలపడం

బయోడీజిల్ డీజిల్ కంటే బరువు. ఖాళీ ట్యాంకులో ముందు బయోడీజిల్ పోస్తే అడుగునే కూర్చుంటుంది, ఇంజన్‌కి మొదట దాదాపు బి100 అందుతుంది. సగం డీజిల్, ఆపైన బయోడీజిల్ మొత్తం, ఆపైన మిగతా డీజిల్, ఈ వరసలో పోయండి. తర్వాత పంపుతో అరగంట ఇంధనాన్ని ట్యాంకులోంచి ట్యాంకులోకే తిప్పండి. అలలకి అదే కలుస్తుందిలే అని వదిలేయొద్దు.

లెక్క ఇలా చేయండి. ట్యాంకులో 300 లీటర్ల డీజిల్ మిగిలింది, మొత్తం 800 లీటర్ల బి20 కావాలి. 800 లో 20 శాతం 160. అంటే బి100 160 లీటర్లు, కొత్త డీజిల్ 340 లీటర్లు. కొత్తగా పోసే 500 లీటర్లలో 20 శాతం తీసుకుని 100 లీటర్లే పోస్తే అది బి20 కాదు, బి12.5.

ఇంకో సంగతి: మన దేశంలో డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 లోనే 7 శాతం దాకా బయోడీజిల్‌కి అనుమతి ఉంది. బంకు డీజిల్‌లో ముందే ఆ 7 శాతం ఉంటే, మీరు కలిపిన బి20 లో బయోడీజిల్ నిజానికి 25 శాతం దాటుతుంది. కంపెనీ పరిమితి ఖచ్చితంగా 20 అయితే మీరు 13 దగ్గర ఆగండి.

7. మెట్టు మెట్టుగా ఎక్కండి

మొదటి ట్యాంకు బి5. ఫిల్టరు శుభ్రంగా ఉంటే తర్వాత బి10. అదీ బాగుంటే బి20. ఒక్కో మెట్టు దగ్గర కనీసం ఒక పూర్తి ట్యాంకు కాల్చండి.

ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే తొందరపడతారు. నిషేధం ముగియగానే హార్బర్ అంతా హడావుడి, అందరికీ దూరం వెళ్లి మంచి వేట పట్టాలని ఉంటుంది. ఆ మొదటి ట్రిప్పులో మిశ్రమం మొదలుపెట్టకండి. కడిగిన ట్యాంకుతో మామూలు డీజిల్ మీదే వెళ్లి రండి. మిగిలిన మడ్డి ఏదైనా ఉంటే కొంత అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఒడ్డుకి దగ్గరగా చేసే చిన్న ట్రిప్పుతో బి5 మొదలుపెట్టండి.

8. ఫిల్టరు మీద కన్ను

మొదటి రెండు మూడు ట్యాంకుల్లో ఫిల్టర్లు త్వరగా నిండుతాయి. అది మామూలే. వాటర్ సెపరేటరు గిన్నెలో నీళ్లు రోజూ ఉదయం ఇంజన్ వేసే ముందు దింపండి.

ఆర్పీఎం పైకీ కిందకీ ఊగడం, లోడు పడగానే ఇంజన్ నీరసపడడం, నల్లపొగ లేకుండానే పవర్ తగ్గడం కనపడితే మొదట ఫిల్టరు చూడండి. పంపు విప్పొద్దు. ఫిల్టరు మార్చాక ప్రైమింగ్ చేసి (చేతి పంపుతో ఇంధనం నింపి) గాలి పూర్తిగా తీయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) దగ్గర బుడగలు లేకుండా ఇంధనం ధారగా వచ్చేదాకా ఆగండి. ఈ పని సముద్రంలో, చీకట్లో, ఊగే బోటులో చేయాల్సి రావొచ్చు. కనుక జెట్టీ దగ్గరే డ్రైవరుతో పాటు ఒక కలాసీకి కూడా నేర్పించండి.

9. ఇంజన్ ఆయిల్

ఇక్కడ చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. సిలిండరు గోడల మీదుగా కొంచెం ఇంధనం కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిల్ అయితే వేడికి కొంత ఆవిరైపోతుంది, బయోడీజిల్ తేలిగ్గా పోదు. డిప్ స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతోందంటే సంతోషించాల్సిన విషయం కాదు, ఆయిల్ పలచబడుతోందని అర్థం. వెంటనే మార్చండి, ఇంజక్టర్లు కారుతున్నాయేమో చూపించండి. మొదటిసారి బి20 వాడేటప్పుడు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఒకసారి ఆయిల్ మార్చడం నా సలహా.

10. నిల్వ

బి20 ని మూడు నెలల్లోపు కాల్చేయండి. ఆరు నెలలు దాటనివ్వొద్దు. మన తేమకి సగం ఖాళీ ట్యాంకు గోడల మీద రాత్రిపూట నీరు చెమరుస్తుంది, బయోడీజిల్ ఆ నీటిని డీజిల్ కంటే ఎక్కువగా పట్టుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంచండి. ఏప్రిల్ మొదటి వారం నుంచే మిశ్రమం పట్టడం ఆపి, ఉన్నది కాల్చి, నిషేధం రోజుల్లో ట్యాంకులో మామూలు డీజిల్ మాత్రమే ఉండేలా చూసుకోండి. డ్రమ్ములు ఎండలో పెట్టొద్దు.

బయోడీజిల్ పీల్చిన గుడ్డలు కుప్పగా పడేస్తే లోలోపల వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు. 2023 నవంబరులో మన హార్బర్‌లో రాత్రికి రాత్రి పదుల బోట్లు కాలిపోయాయి. ఎన్ని కుటుంబాల బతుకుతెరువు బూడిదైందో చూసినవాళ్లం. గుడ్డలు ఆరబెట్టి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ప్రతిరోజూ ఒడ్డుకి దించేయండి.

సరిగ్గా జరుగుతోందా? ఇలా చూసుకోండి

*సాంద్రత:* డీజిల్ సుమారు 0.83, బయోడీజిల్ సుమారు 0.88 అనుకుంటే బి20 సుమారు 0.84 రావాలి. తేడా 0.01 మాత్రమే. ఇంధనం 15 డిగ్రీలు వేడెక్కితే కూడా సాంద్రత దాదాపు అంతే పడిపోతుంది. అంటే మధ్యాహ్నం ఎండలో కొలిచిన బి20, ఉదయం చల్లగా కొలిచిన డీజిల్ ఒకేలా కనపడతాయి. కనుక అదే రోజు పట్టిన డీజిల్ ఒక సీసాలో, మిశ్రమం ఇంకో సీసాలో పక్కపక్కన గంటసేపు ఉంచి, ఒకే వేడి దగ్గర రెండూ కొలవండి. ట్యాంకు పైనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి నమూనా తీసి కొలిస్తే బాగా కలిసిందో లేదో కూడా తెలుస్తుంది.

*నీరు:* డిప్ స్టిక్ కొనకి పేస్టు రాసి ట్యాంకు అడుగుకి దించి కాసేపు ఉంచండి. రంగు మారిన ఎత్తే నీటి ఎత్తు.

*ఇంధనం ఖర్చు:* బి20 లో లీటరుకి శక్తి ఒకటి రెండు శాతం తక్కువ. 1000 లీటర్లు పట్టే ట్రిప్పుకి 20 లీటర్లు అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది. ఐదు, పది శాతం ఎక్కువ కాలుతోందంటే తప్పు ఇంధనంలో కాదు, ఇంజక్టర్లనో బోటు అడుగున పట్టిన నాచునో చూడండి.

*పొగ:* ఒకే లోడు, ఒకే ఆర్పీఎం దగ్గర ముందూ తర్వాతా ఫోన్‌తో వీడియో తీయండి. ఖాళీగా నడిచే ఇంజన్ పొగతో పోల్చుకుంటే ఏమీ తేలదు.

*కారడం:* వారానికోసారి జాయింట్ల కింద తెల్ల కాగితం పెట్టి చూడండి.

ఓడల్లో, టగ్గుల్లో పనిచేసేవారికి

పై పనుల్లో చాలావరకు మీకూ వర్తిస్తాయి. తేడాలు మాత్రం చెబుతాను.

ఓడల్లో ఇంధనం ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలకి తగ్గకూడదని సోలాస్ (ఓడల భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం) నియమం. రోడ్డు బంకు డీజిల్‌కి ఆ హామీ ఉండదు. కనుక మిశ్రమానికి ఆధారంగా హై ఫ్లాష్ హెచ్‌ఎస్‌డి (ఫ్లాష్ పాయింట్ ఎక్కువగా ఉన్న హైస్పీడ్ డీజిల్) గాని, మెరైన్ గ్రేడు గాని తీసుకోండి. గంధకం పరిమితి 2020 జనవరి 1 నుంచి 0.50 శాతం. ప్రత్యేక నియంత్రణ ప్రాంతాల్లో 0.10. బయోడీజిల్ కలిపితే ఆ శాతం తగ్గుతుంది, కానీ కలిపిన నూనెలోని గంధకం ఎంతో కాగితం మీద ఉండాల్సిందే.

ఐఎస్‌ఓ 8217 (ఓడల ఇంధనానికి అంతర్జాతీయ ప్రమాణం) లో 2017 నాటి కూర్పు డిస్టిలేట్ గ్రేడుల్లో (డీజిల్ లాంటి తేలిక రకాల్లో) 7 శాతం దాకానే బయోడీజిల్‌ని ఒప్పుకుంది. 2024 కూర్పు 100 శాతం దాకా గ్రేడులు పెట్టింది. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఏ సంవత్సరం కూర్పో తప్పక రాయండి. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో, బయో భాగం 30 శాతం లోపు ఉంటే మామూలు ఇంధనంలాగే చూడమని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) మార్గదర్శకం చెబుతోంది. ఆపైన వెళ్లాలంటే క్లాస్ సొసైటీతో (ఓడలని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థతో) ముందే మాట్లాడాలి.

వేడి విషయంలో జాగ్రత్త. భారీ నూనెకి (హెవీ ఫ్యూయల్ ఆయిల్‌కి) అలవాటైన చేత్తో హీటరు తిప్పేయొద్దు. బయోడీజిల్ కలిసిన నూనె పలచబడుతుంది, ఎక్కువసేపు వేడిలో ఉంటే త్వరగా పాడవుతుంది. కావలసిన చిక్కదనం ఎంతో చూసి దానికి తగ్గట్టే వేడి పెట్టండి. ప్యూరిఫయరు (ఇంధనాన్ని తిప్పి నీరు, మడ్డి వేరుచేసే యంత్రం) గ్రావిటీ డిస్కు కూడా కొత్త సాంద్రతకి సరిచూసుకోండి. మొదటి ప్రయోగం మెయిన్ ఇంజన్‌లో కాకుండా ఒక జనరేటరులో, ఓడ రేవులో ఉన్నప్పుడు చేయండి. రెండో జనరేటరు మామూలు ఇంధనం మీద సిద్ధంగా ఉండాలి.

పాత ఇంధనం ఉన్న ట్యాంకులో కొత్త మిశ్రమం పోయొద్దు, ఖాళీ ట్యాంకు కేటాయించండి. బంకరింగ్ (ఓడకి ఇంధనం పట్టడం) జరిగినంతసేపూ చుక్కచుక్కగా తీసిన మార్పోల్ (ఓడల కాలుష్య నివారణ ఒప్పందం) నమూనా సీలు వేసి, ఆ ఇంధనం అయిపోయినా సరే కనీసం 12 నెలలు ఓడ మీదే ఉంచండి. ఇంధనం ఇచ్చినవారి డెలివరీ నోటు మాత్రం మూడేళ్లు దాచాలి.